నాలుగవ ఋణము

మానవుడు పుట్టుకతోడనే ఋణస్థుడని వేదము చెప్పుచున్నది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని ఆస్తికులెల్లరు ఎరుగుదురు. యజ్ఞముచే దేవతల ఋణమును, వేదాధ్యయనముచే ఋషుల ఋణమును, సంతానముచే పితరుల ఋణమును తీర్చుకొనవలయునని తైత్తిరీయ సంహిత విధించినది. శతపథ బ్రాహ్మణము ఈ మూడింటితో నిలువక నాలుగవదానిని కూడ చెప్పినది. అది మనుష్యఋణము. సాటి మనుష్యులకు బాకీపడిన ఈ ఋణము ఎట్లు తీరుననగా ఆ బ్రాహ్మణము చూపిన మార్గము రెండే పనులలో ఇమిడియున్నది: నివాసమిచ్చుట, అన్నము పెట్టుట. నివాసము ముందు చెప్పబడుటయు, అన్నము పిదప చెప్పబడుటయు గమనింపదగిన విశేషము.

తెలుగునాట అన్నదానమునకు లోపము లేదు. క్షేత్రములందు నిత్యాన్నదానములు, ఉత్సవములందు సంతర్పణలు నిరాటంకముగ జరుగుచున్నవి. కాని పంక్తిలో భుజించి లేచిన వృద్ధుడు ఆ రాత్రి ఎచట తలదాచుకొనునో విచారించువారు అరుదు. ఆ వృద్ధుడు ఒకప్పుడు సరిహద్దున నిలిచి దేశమును కాచిన సైనికుడైనచో, అట్టివానికి ప్రభుత్వమును, సమాజమును చేయు సహాయమును ఏమని పిలువవలయును? అది దానమా, ఋణవిమోచనమా?

పేరు ఏదియైనను ఫలమొక్కటియే గదా యని కొందరికి తోచవచ్చును. అది సరికాదు. దానమునందు అర్థి దాత గుమ్మమునకు వచ్చును. దాత ఇచ్చినచో పుణ్యము, ఈయకున్నచో అడుగువాడు లేడు. ఋణమునందు నడక మారును. అప్పుపడినవాడే అప్పిచ్చినవాని ఇల్లు వెదకికొనుచు పోవలయును. అప్పిచ్చినవాడు అడుగలేదు గనుక బాకీ లేదని ధర్మశాస్త్రము అంగీకరింపదు. కావున ఈ పదభేదమునుబట్టియే ఎవరు ఎవరిని వెదకవలయుననునది నిర్ణయమగుచున్నది.

ఈ విచారణకు భాగ్యనగరపు తూర్పుభాగము తగిన క్షేత్రము. దిల్‌సుఖ్‌రామ్ ప్రసాద్ అను జాగీర్దారు తన వ్యవసాయ భూములను ఇండ్ల స్థలములుగ విభజించుటచే దిల్‌సుఖ్‌నగర్ ఏర్పడినదని చెప్పుదురు. అచటినుండి విజయవాడ మార్గమున తూర్పునకు సాగినచో లాల్ బహదూర్ నగర్ వచ్చును. జనులు దానిని ఎల్.బి. నగర్ అని క్లుప్తముగ పిలుచుటచే ఆ పేరిలోని మహనీయుడు మరుగునపడినాడు. 1965లో యుద్ధమును, ఆహారపు కొరతయు ఒక్కసారిగ దేశమును చుట్టుముట్టినపుడు జై జవాన్, జై కిసాన్ అను నినాదము నిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు అది. ఆయన కేంద్రమున హోంమంత్రిగ ఉన్న దినములలో తనకు సొంత ఇల్లు లేకపోవుటచే, ఇల్లులేని హోంమంత్రి యని లోకులు చమత్కరించెడివారు. జవానునకు జయము పలికినవాని పేరు ధరించిన ఊరిలో జవానునకు ఇల్లు లేకపోవుట కంటె విచారకరమైనది వేరొండు లేదు.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణా ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై వచ్చువారు అనేకులు ఈ రెండు చోట్లనే బస్సు దిగుదురు. అట్లు దిగినవారిలో మాజీ సైనికులును ఉందురు. నగలదుకాణముల ముంగిట, బ్యాంకుల తలుపులకడ, బహుళ అంతస్తుల భవనముల ద్వారములకడ కాపలా ఉద్యోగము వారికి సులభముగ దొరకును. నిటారుగ నిలుచుట, వేళతప్పక వచ్చుట, రాత్రి మేలుకొనుట వారికి అలవాటైన విద్యలు. యౌవనమున దేశద్వారమును కాచినవారు వార్ధక్యమున పరుల గృహద్వారమును కాచుచున్నారు. శ్రమించి బ్రతుకుటలో అవమానము లేదు. అయితే ఆ ఉద్యోగము పోయిననాడు దానితోపాటు మెట్లక్రింది గదియు పోవును. పిదప మిగులునది దేవాలయపు అరుగు, బస్సు నిలుచు చోటు, మెట్రో స్తంభముల నీడ.

సైనికుడు ఇల్లు లేనివాడగుట ఎట్లని ఆశ్చర్యపడువారు కొన్ని విషయములు తెలిసికొనవలయును. సాధారణ సైనికుడు ముప్పదియైదు, నలువది ఏండ్ల ప్రాయముననే విరమించును. అంతవరకు బ్యారక్కులు, క్వార్టర్లు అతని నివాసములు. విరమించిన పిదప వానిని వదలి రావలయును. అతడు లేని కాలమున పిత్రార్జితపు ఇల్లు అన్నదమ్ముల నడుమ పంపకమై యుండును. పదునైదు ఏండ్ల సేవ పూర్తియైనగాని సాధారణ సైనికునకు సేవా పింఛను లభింపదు. అంతకు ముందే ఏదో ఒక కారణమున వెలుపలికి వచ్చినవానికి, వైకల్యపు పింఛను వంటి ఆధారము లేకున్నచో, నెలనెలకు వచ్చునది ఏమియు ఉండదు. దానికి తోడు యుద్ధభూమిలో చూచిన దృశ్యములు నిద్రను హరించుట, మద్యపు అలవాటు, భార్యావియోగము, కుమారులతో వైమనస్యము కలిసినచో ఇల్లు చేజారుటకు ఎక్కువ కాలము పట్టదు. 2022 జూన్ 14న ప్రకటింపబడిన అగ్నిపథ్ విధానమున చేరినవారిలో నాలుగేండ్ల అనంతరము నాలుగవ వంతుకు మించకుండ సైన్యమున కొనసాగుదురు. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి లభించును గాని పింఛను లేదు. ఆ విధానపు మంచిచెడ్డలు ఇచట విచార్యములు కావు. పింఛనులేని మాజీ సైనికుల సంఖ్య మున్ముందు పెరుగుననునది మాత్రము గుర్తింపవలయును.

ప్రభుత్వము ఏమియు చేయుట లేదనుట అసత్యము. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీని సాయుధ దళాల పతాక దినోత్సవముగ జరుపుచు, ప్రజలనుండి విరాళములు స్వీకరించుచున్నారు. ఆ నిధినుండియే కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా పేద మాజీ సైనికులకు, వారి వితంతువులకు సహాయము అందుచున్నది. పింఛను లేక 65 ఏండ్లు దాటిన నిరుపేదలకు నెలకు 4,000 రూపాయలుగ ఉన్న పెన్యూరీ గ్రాంటును 2025 నవంబరు 1 నుండి 8,000 రూపాయలకు పెంచిరి. వారి కుమార్తెల వివాహమునకు ఇచ్చు సహాయమును 50,000 నుండి లక్ష రూపాయలకు పెంచిరి. పింఛనుదారులకు వైద్యము నిమిత్తము 2003 ఏప్రిల్ నుండి ఆరోగ్య పథకము నడచుచున్నది. ఒకే హోదా, ఒకే సేవాకాలము గలవారికి ఒకే పింఛను అను చిరకాల కోరిక 2015 నవంబరులో ఉత్తర్వు రూపము దాల్చి, 2014 జూలై 1 నుండి వర్తించినది. 1978లో ఏర్పడిన సైనిక గృహనిర్మాణ సంస్థ వాయిదాలు చెల్లింపగలవారికి ఇండ్లు కట్టించి ఇచ్చుచున్నది. ఇవి చిన్న పనులు కావు.

సైనికుడగుగాక, కాకపోవుగాక, నిరాశ్రయులందరికిని వర్తించు ఏర్పాట్లు కూడ ఉన్నవి. మహానగరములందు ప్రతి లక్ష జనాభాకు నూరుమంది నిద్రింపదగిన ఒక ఆశ్రయము ఉండవలయునని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టము ప్రతి జిల్లాలోను కనీసము 150 మంది దిక్కులేని వృద్ధులకు చాలునట్టి ఒక ఆశ్రమమును ఉద్దేశించినది. ఈ ప్రాంతమునకు ఆశ్రయదానము క్రొత్త మాటయు కాదు. దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ సరూర్‌నగరున, ఆరవ నిజాము కాలమున అనాథ బాలలకై ఏర్పడిన విక్టోరియా మెమోరియల్ గృహము నేటికిని కానవచ్చుచున్నది. దిక్కులేని శిశువునకు రాజ్యము దిక్కు కావలయునని నాటి రాజ్యము తలచినది. దిక్కులేని వృద్ధ యోధుని విషయమున ఆ తలపు ఇంకను దృఢముగ ఉండవలయును గదా.

మరి లోపమెచట? ఈ పథకములన్నియు వచ్చినవానికి ఇచ్చునట్టివి. అడుగుటకు డిశ్చార్జి పుస్తకము కావలయును. బ్యాంకు ఖాతా కావలయును. గుర్తింపు పత్రము, చిరునామా కావలయును. ఇల్లులేనివాని సంకటము అక్కడనే ఉన్నది. ఇల్లు లేనివానికి చిరునామా లేదు. అరుగుమీద నిద్రించువాని సంచి ఒక వానరాత్రి తడిసినను, దొంగిలింపబడినను, అతని సేవాకాలమంతయు దానితో పోవును. దరఖాస్తు కంప్యూటరులో నింపవలయునన్నచో డెబ్బదియేండ్లవాడు ఎవరి సాయమును కోరును? ఆత్మగౌరవము గలవాడు ఒక కార్యాలయమున రెండు మారులు లేదనిపించుకొన్న పిదప మూడవ మారు పోడు. పథకము కాగితమున సంపూర్ణముగ ఉన్నను, దానికిని వృద్ధునకును నడుమ ఒక వీధి దూరము మిగిలిపోవుచున్నది. దానమని తలచినవాడు ఆ వీధిని వృద్ధుడే దాటి రావలయుననును. ఋణమని తలచినవాడు తానే దాటిపోవును.

విదేశముననుండి ఒక ఉదాహరణము గ్రహించుటలో దోషము లేదు. అమెరికాలో మాజీ సైనికులనేకులు వీథులపాలగుట చిరకాలముగ ఉన్న కళంకము. అచట ఏటేట జనవరి నెలలో ఒక రాత్రి, చలిలో, స్వచ్ఛంద సేవకులు వంతెనల క్రింద, ఉద్యానములలో తిరిగి నిరాశ్రయులను లెక్కింతురు. సైన్యమున పనిచేసితివా యని కూడ అడుగుదురు. అట్టి లెక్కలో 2010లో సుమారు 74,000 మంది మాజీ సైనికులు కనబడగా, 2024లో ఆ సంఖ్య 32,882కు తగ్గినది. ఇంటి అద్దెకు సహాయమును, వెంట నడచి పనులు చక్కబెట్టు ఒక కార్యకర్తను కలిపి ఇచ్చుట అచటి పథకములలో ముఖ్యమైనది. ముందు నడవడి దిద్దుకొనుము, పిదప ఇల్లు ఇత్తుమని అనక, ముందు ఇల్లు ఇచ్చి పిదప చికిత్స చేయుదురు. భారతదేశమున 2011 జనగణన సందర్భమున ఫిబ్రవరి 28వ తేది రాత్రి ఇల్లులేనివారిని లెక్కింపగా వారు 17 లక్షలకు పైగా తేలిరి. ఆ లెక్కలో, నీవు సైనికుడవై యుంటివా యను ప్రశ్న లేదు. లెక్కకు రాని ఋణము తీరుట ఎట్లు?

ఇచట రెండు ఆక్షేపణలు కలుగును. సైనికుడు జీతము తీసికొనియే పనిచేసినాడు. ఇంక బాకీ ఏమున్నదని మొదటిది. జీతము శ్రమకు మూల్యము. సైనికుడిచ్చునది శ్రమ మాత్రము కాదు. అవసరమైనచో ప్రాణమును ఇత్తునని ముందుగనే మాట ఇచ్చియున్నాడు. ప్రాణమునకు వెల కట్టు పద్ధతి ఏ సంతలోను లేదు. గుండు తగులక తిరిగివచ్చినవాడు కూడ ప్రాణమును ఒడ్డినవాడే. అది దక్కుట దైవవశమున జరిగినది. కనుక జీతముతో శ్రమ బాకీ తీరునే గాని రక్షణ బాకీ తీరదు.

అతడు త్రాగుబోతై, కుటుంబముతో కలహించి వీథిపాలైనచో అది అతని దోషమే గదా యని రెండవ ఆక్షేపణ. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొట్టమొదటిది ఋణాదానము. అప్పు చేసినవాడు మద్యమునకై, ద్యూతమునకై చేసిన అప్పును కొడుకు తీర్చనక్కరలేదని స్మృతులు మినహాయింపు ఇచ్చినవి. అప్పిచ్చినవాడు త్రాగుబోతైనచో అప్పు తీర్చనక్కరలేదను మినహాయింపు మాత్రము వానిలో కానరాదు. ఋణదాత గుణదోషములు ఋణమును మాపవు. పైగా తండ్రి చేసిన అప్పు కొడుకులకు, మనుమలకు సంక్రమించును. 1965 నాటి, 1971 నాటి యుద్ధముల పిదప పుట్టినవారికి కూడ ఆ రక్షణఫలము దక్కినది గనుక ఆ బాకీయు దక్కినది. శాస్త్రిగారు 1964లో కారు కొనుటకు బ్యాంకునుండి 5,000 రూపాయలు అప్పు తీసికొని, అది తీరకముందే 1966 జనవరి 11న తాష్కెంటులో దివంగతులైరి. ఆ అప్పును లలితాదేవిగారు తమ పింఛనునుండి తీర్చిరి. మాఫీ కోరుట ఆమెకు కష్టము కాదు. అప్పు అప్పేయని ఆమె ఎరుగుదురు.

ఈ ధర్మము క్రొత్తగా కల్పించినది కాదు. చిత్రకూటమున శ్రీరామచంద్రుడు భరతుని కుశలమడుగుచు, సైనికులకు ఈయవలసిన భోజనమును, వేతనమును వేళమించకుండ ఇచ్చుచున్నావా యని ప్రశ్నించెను. ఆలస్యమైనచో వారికి ప్రభువుపై కోపము కలుగుననియు, అది మహానర్థమనియు హెచ్చరించెను. మహాభారతము సభాపర్వమున నారద మహర్షి, నీకొరకు మరణించినవారి, ఆపదపాలైనవారి భార్యలను పోషించుచున్నావా యని ధర్మరాజును అడిగెను. గమనింపుడు: ఆ స్త్రీలు నీ సభకు వచ్చి యాచించుచున్నారా యని మహర్షి అడుగలేదు. వెదకి పోషించుట రాజు పనియేయని ఆ ప్రశ్న ఉద్దేశము.

యుద్ధకాండలోని ఒక ఘట్టము ఈ విషయమున పరమ ప్రమాణము. రావణవధానంతరము ఇంద్రుడు ప్రసన్నుడై వరము కోరుమనగా, రాఘవుడు తనకై ఏమియు కోరలేదు. తన నిమిత్తము ప్రాణములు వదలిన వానరులెల్లరు గాయములు మాని లేవవలయునని ముందు కోరెను. అంతటితో ఆగక, వారు నివసించు చోటులందు అకాలమందును పుష్పఫలమూలములు లభింపవలయుననియు, నదులు నిర్మలజలముతో ప్రవహింపవలయుననియు కోరెను. అయోధ్యలో పట్టాభిషేకము ఇంకను జరుగలేదు. పదునాలుగేండ్ల వనవాసము ముగిసి ఇల్లు చేరవలసిన ఆతురత గలదు. అయినను తాను తన ఇంటికి చేరకముందే, తనకై పోరాడినవారి నివాసమును, ఆహారమును స్వామి చక్కబెట్టెను. వానరులు ఎవ్వరును అడుగలేదు. శతపథము చెప్పిన నాలుగవ ఋణమును, అవే రెండు పనులతో, రామచంద్రుడు తీర్చి చూపెను.

ఎల్.బి. నగరునకు చేరువనే కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామి వెలసియున్నాడు. కాకతీయ ప్రోలరాజు కాలమున ఈ సన్నిధి ఏర్పడినదని స్థలపురాణము. మంగళ, శనివారములందు వేలకొలది భక్తులు స్వామిని సేవించుచుందురు. ఉత్తరకాండమున, పట్టాభిషేకానంతరము హనుమంతునకు వీడ్కోలు చెప్పుచు శ్రీరాముడు పలికిన మాట ఆ భక్తులు స్మరింపదగినది. నీవు చేసిన ఉపకారము నాయందే జీర్ణించిపోవుగాక యని స్వామి పలికెను. ఉపకారము తీర్చుకొనకుండుట ధర్మమా యని సందేహము రాగలదు. స్వామియే కారణము చెప్పెను: ఉపకారి ఆపదలో పడినపుడే ప్రత్యుపకారమునకు పాత్రుడగును, నీకు అట్టి ఆపద ఎన్నడును రాకుండుగాక యని భావము. ఇందలి సూక్ష్మమును గ్రహింపవలయును. ఉపకారి సుఖముగ ఉన్నంతకాలము ఋణము నిద్రించియుండును. అతడు ఆపదపాలైన క్షణముననే అది మేల్కొనును. సైనికునకు తీర్చవలసిన బాకీ ఎన్నటికిని అడుగబడకుండుటయే శుభము. కాని అతడు ఇల్లులేక అరుగుమీద పండుకొన్న రాత్రి, ఆ ఊరివారందరి ఋణమునకు గడువు వచ్చినది.

పశ్చిమగోదావరి ప్రాంతమున మాధవరము అను గ్రామము కలదు. అచటివారు తరతరములుగ సైన్యమున చేరుటచే మిలిటరీ మాధవరమని దానికి పేరు వచ్చినది. అట్టి ఊరిలో తిరిగివచ్చిన సైనికుని ఎరుగనివారు ఉండరు. మహానగరమున వాని ముఖము ఎవరికిని తెలియదు. కావున నగరవాసి చేయవలసిన మొదటి పని ధనమిచ్చుట కాదు, ఎరుగుట. వాకిట కాపలాయున్న వృద్ధుని, గుడి అరుగున కూర్చున్న వృద్ధుని, అయ్యా, తమరు పూర్వము ఎక్కడ పనిచేసినారని గౌరవముగ అడుగుటకు ఖర్చు లేదు. సైనికుడని తెలిసినచో డిశ్చార్జి పుస్తకము ఉన్నదా యని విచారింపవలయును. పోయినచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వెంట తోడ్కొనిపోవలయును. దరఖాస్తు నింపుటకు ఇంటిలోని చదువుకొన్న పిల్లలను నియోగింపవలయును. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో పోటీ పరీక్షలకు చదువుకొను వేలాది యువకులకు ఇది ఒక పూట పని. సహాయము చేతికందువరకు ఒక గది అద్దెను నలుగురు గృహస్థులు పంచుకొన్నచో ఎవరికిని భారము కాదు. డిసెంబరు 7న పతాకము కొని చొక్కాకు గ్రుచ్చుకొనుట మంచిదే. ఆ పతాకము ఎవరికొరకో అతడు వీథి చివరనే ఉన్నాడేమో చూచుట అంతకంటె మంచిది.

ఇట్లు చేసినపుడు కృతజ్ఞతను ఎదురుచూడరాదు. అప్పు తీర్చినవానికి అప్పిచ్చినవాడు నమస్కరింపనక్కరలేదు. వృద్ధుడు కోపముగ మాటలాడవచ్చును. ఇన్నాళ్లకు వచ్చితిరా యనవచ్చును. గడువు దాటిన బాకీ తీర్చుటకు పోయినవాడు ఆ మాట వినుటకు సిద్ధపడియే పోవలయును.

స్వామి సన్నిధిలో కైంకర్యము చేయుటకు భాగవతులు తహతహపడుదురు. వారిలో ప్రతి ఒక్కరు ఇంటికి పోవు దారిలో నాలుగవ ఋణము ఎక్కడ నిద్రించుచున్నదో ఒకసారి చూతురుగాక. వానరవీరుల నివాసమును చక్కబెట్టిన పిదపనే అయోధ్యకు పయనమైన శ్రీరామచంద్రుడు, ఆ ఋణము తీర్చుకొను బుద్ధిని, శక్తిని ఎల్లరకు అనుగ్రహించుగాక.